పక్క బెంచీలో కూర్చున్న నలుగురు

ఇప్పటి అజర్‌బైజాన్ రాజధాని బాకు నగరంలో, జారు చక్రవర్తి ప్రభుత్వం నడిపే ఒక హైస్కూలు. ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. భూగోళం క్లాసులో 40 మంది అబ్బాయిలున్నారు. అందులో 30 మంది ముస్లింలు, నలుగురు ఆర్మేనియన్లు, ఇద్దరు పోలండు వాళ్లు, ముగ్గురు రష్యన్ చర్చి నుంచి విడిపోయిన శాఖల వాళ్లు, మిగిలిన ఒక్కడు రష్యన్. కాకసస్ పర్వతాలకు దక్షిణాన ఉన్న ఈ నేల ఆసియాలోదని కొందరు పండితులంటారు, యూరప్‌లోదని మరికొందరంటారు అని ప్రొఫెసర్ సానిన్ పాఠం చెప్తున్నాడు. మీ ఊరు ముందడుగు వేస్తున్న యూరప్‌కి చెందాలో, వెనకబడిన ఆసియాకి చెందాలో కొంతవరకు మీ చేతుల్లోనే ఉంది అంటాడు. వెనక బెంచీలోంచి మెహమ్మద్ హైదర్ చెయ్యెత్తి, మేం ఆసియాలోనే ఉండిపోతామండీ అంటాడు. కథ చెప్తున్న అలీ ఖాన్‌దీ అదే మాట.

ఇది 1937లో వియన్నాలో జర్మన్ భాషలో అచ్చయిన 'అలీ, నినో' నవల మొదటి దృశ్యం. అజర్‌బైజాన్ సాహిత్యం గురించి బయటి ప్రపంచంలో ఎవరు రాసినా ఇక్కడి నుంచే మొదలుపెడతారు. తూర్పా పడమరా, బురఖానా గౌనా, ఎడారా అడవా అంటూ ప్రొఫెసర్ అడిగిన ప్రశ్న చుట్టూనే తిరుగుతారు. ఆ చర్చ చదివిన ప్రతిసారీ నా మనసు ఇంకోచోటికి పోతుంది. ఆ క్లాసులో పక్క బెంచీలో కూర్చున్న నలుగురు ఆర్మేనియన్ పిల్లలు ఏమయ్యారు? ప్రొఫెసర్ వాళ్లనేమీ అడగలేదు. వాళ్ల ఊరు కూడా అదే. వాళ్ల ఇళ్లూ, వాళ్ల తాతల సమాధులూ అక్కడే. 1980ల చివరిదాకా ఒక్క బాకులోనే సుమారు 2 లక్షల మంది ఆర్మేనియన్లు ఉండేవాళ్లు. కరబాఖ్ ప్రాంతం ఎవరిదన్న ఆర్మేనియన్ల, అజర్‌బైజానీల గొడవ ముదిరి, గుంపులు దాడులకు దిగాక, 1990 జనవరి దాటేసరికి దాదాపు ఎవరూ మిగల్లేదు.

ఆధునిక అజర్‌బైజాన్ కథా సాహిత్యంలో జాతి అస్తిత్వం, ప్రపంచీకరణ అనే మాటలు కలిసి వచ్చినప్పుడల్లా మనకు ఒక తయారుగా ఉన్న చట్రం అందిస్తారు. ఒక పక్క ఇంటి సంస్కృతి, ఇంకో పక్క బయటి నుంచి వచ్చే గాలి, మధ్యలో నలిగే మనిషి. ఆ సాహిత్యాన్ని, ఇంగ్లీషు అనువాదాల్లో దొరికినంత మేరకు, చదువుతూ వచ్చిన నాకు ఈ చట్రం మీద నమ్మకం పోయింది. బాకు ఏనాడూ తలుపులు మూసుకున్న ఊరు కాదు. అక్కడి రచయితకు ప్రపంచంతో ఉన్న గొడవ చిన్నది. పక్కింటివాడితో ఉన్న గొడవే పెద్దది. ఆ గొడవను పుస్తకంలోకి తెచ్చే ధైర్యం ఏ రచయితకుందన్నదే ఆ సాహిత్యానికి గీటురాయి అని నా వాదన.

ముందు ఆ నవల సంగతే పూర్తి చేస్తాను. కథ బాకుది. భాష జర్మన్. అచ్చయింది ఆస్ట్రియాలో. రచయిత పేరు కుర్బాన్ సయీద్, అది మారుపేరు. ఆ పేరు వెనక ఉన్నది బాకులో పెరిగి, ఇస్లాం స్వీకరించి ఎస్సాద్ బే అయిన యూదు రచయిత లెవ్ నూసింబామ్ అని చాలామంది నమ్ముతారు. కాదు, మావాడు యూసిఫ్ వజీర్ చమన్‌జమిన్లి రాసిందని అజర్‌బైజాన్‌లో గట్టిగా వాదించేవాళ్లున్నారు. చమన్‌జమిన్లి 1943లో స్టాలిన్ కాలపు నిర్బంధ శిబిరంలో చనిపోయాడు, అడుగుదామంటే లేడు. ప్రచురణ కాగితాల్లో మాత్రం ఆ మారుపేరు ఎల్‌ఫ్రీడ ఎహ్రెన్‌ఫెల్స్ అనే ఆస్ట్రియన్ దొరసాని పేరు మీద నమోదై ఉంది. ఆవిడ భర్త ఉమర్ రోల్ఫ్ ఎహ్రెన్‌ఫెల్స్ ఇస్లాం పుచ్చుకున్న మానవశాస్త్రవేత్త. నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించాక ఆయన ఆశ్రయం వెతుక్కుంటూ వచ్చింది మన హైదరాబాదుకే. భారతదేశంలో మాతృస్వామ్యం మీద ఆయన రాసిన పుస్తకం 1941లో ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథమాలలో వచ్చింది. తర్వాత మద్రాసు విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర శాఖను నడిపాడు. బాకు ప్రేమకథకూ ఉస్మానియాకూ మధ్య ఇంత దగ్గరి దారి ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

ఇలాంటి పుస్తకాన్ని ఒక దేశం తన జాతీయ నవలగా చెప్పుకుంటోంది. అందులో తప్పేమీ లేదు. నిజానికి ఆ దేశ స్వభావానికి అది బాగా నప్పుతుంది. నన్ను ఇబ్బంది పెట్టేది వేరే. ఆ నవలలో నచరార్యన్ అనే ఆర్మేనియన్ ఉంటాడు. ముస్లిం అలీకి, జార్జియన్ క్రైస్తవురాలు నినోకి పెళ్లి జరగడానికి పెద్దమనిషిలా సాయం చేస్తాడు. ముస్లింలూ ఆర్మేనియన్లూ స్నేహంగా ఉండాలని అంటాడు. ఆ తర్వాత అతనే నినోను కారులో ఎత్తుకుపోతాడు. అలీ కరబాఖ్ గుర్రమెక్కి వెంటాడి అతన్ని చంపేస్తాడు. ఆ ఘట్టం ఊపిరి ఆడనివ్వదు, కథకుడి నేర్పు అలాంటిది. పుస్తకం మూసిన తర్వాత మాత్రం ఒకటి తడుతుంది. తూర్పుకూ పడమరకూ మధ్య ప్రేమ సాధ్యమేనని అన్ని పేజీల్లో నిరూపించిన నవల, ఇరుగుకూ పొరుగుకూ మధ్య స్నేహం దగ్గరికొచ్చేసరికి నమ్మకద్రోహం కథ చెప్పింది. ప్రపంచానికి నచ్చింది మొదటి సగం. రెండో సగాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

బాకు చమురు వ్యాపారుల మనవరాలు బానీన్ పారిస్‌లో స్థిరపడి, 1945లో ఫ్రెంచిలో తన బాల్యం రాసుకుంది. అది నవల కాదు, జ్ఞాపకాలు. అయినా ఇక్కడ చెప్పక తప్పదు. సెలవుల్లో పిల్లలంతా కలిసి ఆర్మేనియన్ల ఊచకోత ఆట ఆడుకునేవాళ్లమని, తమలో ఆర్మేనియన్ రక్తం ఉన్న ఒక పిల్లను పట్టుకుని బలి ఇచ్చినట్టు నటించేవాళ్లమని ఆమె రాసింది. కోటలాంటి ఇల్లు, ఫ్రెంచి పాఠాలు, జర్మన్ ఆయా, నిష్ఠగా నమాజు చేసే నాయనమ్మ, వాటన్నిటి మధ్యా ఈ ఆట. ఏ సంజాయిషీ ఇవ్వకుండా ఆమె ఆ పేజీ రాసిన తీరు చూస్తే, మాతృభాషలో రాయని మనిషి కూడా తన ఊరికి ఎంత నిజాయితీగా బాకీ తీర్చగలదో తెలుస్తుంది.

ఇంటి భాషలో రాసిన వాళ్లలో నాకు అందరికన్నా ఇష్టుడు జలీల్ మమ్మద్‌గులుజాదే. 1906లో టిఫ్లిస్ (ఇప్పటి టిబిలీసి) నగరంలో 'ముల్లా నస్రద్దీన్' అనే వ్యంగ్య పత్రిక పెట్టి, ముల్లాలనూ జమీందార్లనూ జారు అధికారులనూ ఒకే వరసలో నిలబెట్టి ఉతికి ఆరేసినవాడు. ఆయన 1920లో రాసిన 'మా అమ్మ పుస్తకం' నాటకం గురించి చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం నాకు చేతకాదు. ఒక ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు. ఒకడు పీటర్స్‌బర్గులో చదివొచ్చాడు, ఒకడు నజఫ్‌లో, ఒకడు ఇస్తాంబుల్‌లో. ఒకడి మాటల నిండా రష్యన్, ఇంకొకడి మాటల నిండా అరబ్బీ ఫార్సీ, మూడోవాడివి ఉస్మానీ దర్బారు పదాలు. ఎవరి అల్మారా వాళ్లది, ఎవరి స్నేహితులు వాళ్లకి. ఒకే ఇంట్లో ఉంటూ ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. చెల్లెలు గుల్‌బహార్‌ను తన మిత్రుడికే ఇచ్చి చేయాలని ఒక్కొక్కడూ పట్టుబడతాడు. ఆ ఇంట్లో తల్లి మాటను తేటగా మాట్లాడేవాళ్లు గొర్రెల కాపరులు మాత్రమే. చివర్లో గుల్‌బహార్ అన్నల పుస్తకాలన్నీ తగలబెట్టేసి, తల్లి పుస్తకాన్ని ఒక్కదాన్నే దాచుకుంటుంది.

ప్రపంచీకరణ అన్న మాట పుట్టకముందే దాని గురించి ఇంత సూటిగా రాసిన నాటకం ఇంకోటి నేను చదవలేదు. అది రాసినప్పటి సంగతులు కూడా గుర్తుంచుకోవాలి. 1918 మే 28న ఏర్పడిన అజర్‌బైజాన్ ప్రజాస్వామ్య రిపబ్లిక్ 1920 ఏప్రిల్ 28న ఎర్రసైన్యం రాకతో ముగిసింది. రెండేళ్లయినా నిండని దేశం. అలాంటి కాలంలో మూడు సామ్రాజ్యాల చదువుల మధ్య ఒక చిన్న ఇల్లు చీలిపోవడం చూసిన రచయితకు కడుపు మండటం న్యాయమే. ఆ ముగింపు మాత్రం నాకు మింగుడు పడదు. చెల్లెలి దుఃఖం నాకు అర్థమవుతుంది. కానీ ఆ మంటలో పోయిన రష్యన్ పుస్తకాల్లో గోగోల్ ఉండి ఉంటాడు, ఫార్సీ పుస్తకాల్లో నిజామీ ఉండి ఉంటాడు. మహాకవి నిజామీ గంజవీ పుట్టింది అజర్‌బైజాన్‌లోని గంజాలోనే, రాసింది ఫార్సీలో. ఆయన్ను తగలబెట్టి అమ్మ పుస్తకాన్ని కాపాడుకోవడం ఎలా కుదురుతుంది? ఈ మంట గురించి మళ్లీ మాట్లాడాల్సి వస్తుంది.

ఆ తర్వాత కాలం రచయిత చేతిలోంచి పుస్తకాలను మంట లేకుండానే లాగేసింది. తరతరాలుగా అరబ్బీ లిపిలో రాసుకున్న భాషకు 1929లో లాటిన్ లిపి వచ్చింది. 1940లో సిరిలిక్ వచ్చింది. సోవియట్ యూనియన్ కూలిన 1991లో మళ్లీ లాటిన్ అన్నారు, 2001 ఆగస్టు 1 నుంచి పత్రికలూ ఆఫీసులూ పూర్తిగా అందులోకి మారాయి. అంటే ఒకే ఇంట్లో తాత రాసిన ఉత్తరం కొడుకు చదవలేడు, కొడుకు కొన్న పుస్తకం మనవడు తడుముకుంటూ చదువుతాడు. వెయ్యేళ్ల నాటి శాసనం అక్షరాలు కాస్త కష్టపడితే పోల్చుకోగల తెలుగువాడికి ఈ నష్టం ఊహించడం కూడా కష్టమే. జాతి అస్తిత్వం గురించి ఉపన్యాసాలిచ్చే ముందు, ఆ జాతి తన అమ్మమ్మ చేతిరాత చదవలేకపోయిందన్న సంగతి గుర్తుంచుకోవాలి.

సోవియట్ రోజుల్లో ప్రపంచానికి దారి మాస్కో మీదుగానే ఉండేది. రష్యన్‌లోకి వెళ్లిన పుస్తకమే మిగతా భాషల్లోకి వెళ్లేది. కిర్గిజ్ రచయిత ఐత్మాతోవ్ తెలుగు ఇళ్లలోకి వచ్చింది ఆ దారినే. ప్రగతి, రాదుగ ప్రచురణలు చదువుతూ పెరిగిన తరానికి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. బాకులో ఇబ్రహీంబెకోవ్ సోదరులు, మగ్సూద్, రుస్తమ్, నేరుగా రష్యన్‌లోనే రాశారు. చింగిజ్ అబ్దుల్లాయేవ్ డ్రోంగో అనే దేశదేశాలు తిరిగే డిటెక్టివ్‌ను సృష్టించి, రష్యన్‌లోనే రాసి, లక్షల మంది పాఠకులను సంపాదించుకున్నాడు. ఆ నవలల్లో వేగం ఉంది, ఊళ్లు చాలా ఉన్నాయి, బాకు మాత్రం నాకు తగినంత తగల్లేదు. అజర్‌బైజానీలో రాసిన అనార్ నవల 'ఐదంతస్తుల ఇంటి ఆరో అంతస్తు'లో బాకు తగులుతుంది. టీవీలో పనిచేసే తెహ్మినా అనే స్వతంత్రురాలైన ఆడమనిషినీ, ఆమెను ప్రేమించిన జౌర్‌నూ ఆ నగరపు గుసగుసలు ఎలా కొరుక్కుతిన్నాయో ఆ కథ చెప్తుంది. జాతి అన్న మాట ఎత్తకుండానే ఒక జాతి పరువు పేరుతో ఏం చేస్తుందో చూపించిన నవల అది.

స్వాతంత్ర్యం వచ్చాక వెలువడిన వాటిలో చాలా చర్చకు దారితీసింది కమాల్ అబ్దుల్లా 2004లో ప్రచురించిన 'అసంపూర్ణ ప్రతి'. ఒగూజ్ తుర్కుల ఇతిహాసం 'దేదే కోర్కూత్ గ్రంథం' అజర్‌బైజానీలకు ఎంత పవిత్రమో మాటల్లో చెప్పలేం. దాని పాత ప్రతులు దొరికింది మాత్రం డ్రెస్డెన్‌లోనూ వాటికన్‌లోనూ. 1951లో అజర్‌బైజాన్ కమ్యూనిస్టు నాయకుడు బాగిరోవ్ దాన్ని జాతీయోన్మాదపు గ్రంథమని తిట్టి అణగదొక్కాడు. 2018లో అజర్‌బైజాన్, కజకిస్తాన్, టర్కీ మూడూ కలిసి దాన్ని యునెస్కో జాబితాలో చేర్పించాయి. అంటే ఒకే కథను మూడు దేశాలు మాది అనగలవు, అంటే తప్పేమీ కాదు.

కమాల్ అబ్దుల్లా ఏం చేశాడంటే, ఆ ఇతిహాసం రాయకముందు కోర్కూత్ రాసుకున్న చిత్తుప్రతి దొరికినట్టు కల్పించాడు. అందులో వీరులు వీరుల్లా ఉండరు. ఒగూజుల ఏలిక బయందర్ ఖాన్ కొలువులో ఒక గూఢచారి విషయమై విచారణ జరుగుతుంది. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు, అసూయపడతారు, నోరు జారతారు, నిజాలు దాస్తారు. దానికి జంటగా ఇంకో కథ. 1514లో చల్దిరాన్ దగ్గర ఉస్మానీ తుర్కుల చేతిలో ఓడిన ఇరాన్ సఫవీ చక్రవర్తి షా ఇస్మాయిల్, ఆ తర్వాత సింహాసనం మీద కూర్చున్నవాడు, ఇద్దరూ ఒకరేనా? లేక పోలికలున్న మరో మనిషా? (ఈ షా ఇస్మాయిల్ మనకూ పరాయివాడు కాదు. గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశం నిలబెట్టిన సుల్తాన్ కులీ, తబ్రీజ్ నుంచి ఏలిన కరా కోయున్లు తుర్కుమానుల వంశంవాడు. సఫవీల షియా మతాన్ని దక్కన్‌లో నిలబెట్టినవాడు.) జాతికి మూలపురుషులనుకునే వాళ్లను ఈ రకంగా మనుషుల్ని చేయడం చిన్న పని కాదు. ఆ పుస్తకం చాలా భాషల్లోకి వెళ్లింది. బోర్హెస్, ఎకో చదివిన పాఠకుడు దాన్ని ఇట్టే గుర్తుపడతాడు.

నాకు ఆ నవల మీద గౌరవం ఉంది. కాకపోతే దాని ధైర్యానికి ఒక హద్దు ఉందని కూడా అనుకుంటాను. వెయ్యేళ్ల కిందటి వీరుడి పిరికితనం చూపించినా, 500 ఏళ్ల కిందటి చక్రవర్తి దొంగవేషం చూపించినా, నిన్న మొన్నటి గుంపులో ఉన్నవాడు చదివి ఉలిక్కిపడడు. ఆ నవలలో లేని వ్యక్తి ఎవరో మొదట్లోనే చెప్పాను.

ఆ పక్క బెంచీ ఆర్మేనియన్‌ను పుస్తకంలోకి తెచ్చినవాడు అక్రమ్ ఐలిస్లి. 1937లో నఖ్చివాన్ ప్రాంతంలోని ఐలిస్ అనే ఊళ్లో పుట్టాడు. ఊరి పేరే ఇంటిపేరుగా పెట్టుకున్నాడు. పల్లె కథలతో పేరు తెచ్చుకుని, ప్రజా రచయిత బిరుదు పొంది, పార్లమెంటు సభ్యుడిగా కూడా పనిచేశాడు. చెహోవ్, మార్క్వెజ్, బోల్ వంటి వాళ్లను అజర్‌బైజానీలోకి అనువదించాడు. ప్రపంచాన్ని తన ఇంటి భాషలోకి తెచ్చినవాడు అన్నమాట. ఆయన రాసిన 'రాతి కలలు' నవలిక 2012 డిసెంబరులో మాస్కో పత్రిక 'ద్రూజ్బా నరోదొవ్'లో రష్యన్‌లో వచ్చింది.

కథ 1989 చివర బాకులో మొదలవుతుంది. సదాయ్ సాదిగ్లీ అనే పేరున్న రంగస్థల నటుడు, ఒక ముసలి ఆర్మేనియన్‌ను గుంపు చంపుతుంటే అడ్డుపడబోయి తనే దెబ్బలు తింటాడు. ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంటాడు. ఆ మగతలో అతనికి కనిపించేదంతా ఐలిస్. అక్కడి రాతి చర్చిలు, 1919లో ఆ ఊరి ఆర్మేనియన్లను ఊచకోత కోసిన సంగతి, తర్వాత కూడా మిగిలిపోయిన ఒకరిద్దరు ముసలమ్మలు, ఆ చర్చి గోడల మీద పడే వెలుగు. చనిపోయిన ఆర్మేనియన్లలో ఒక్కొక్కరి పేరున ఒక్కో కొవ్వొత్తి వెలిగించినా ఆ వెలుగు వెన్నెలను మించిపోతుందన్న భావం అందులో వస్తుంది. ఆ మాట అన్నది శత్రువు కాదు. ఆ ఊరివాడే.

2013 ఫిబ్రవరిలో ఏం జరిగిందో అందరికీ తెలిసిన చరిత్రే. అధ్యక్షుడు ఇల్హామ్ అలియేవ్ ఆయన ప్రజా రచయిత బిరుదునూ, దానితో వచ్చే పింఛనునూ రద్దు చేశాడు. రచయితల సంఘం బహిష్కరించింది. భార్య, కొడుకు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఒక పార్టీ నాయకుడు ఆయన చెవి కోసి తెచ్చినవాడికి 10,000 మనత్‌లు ఇస్తానని బాహాటంగా ప్రకటించాడు. ఊళ్లలో ఆయన పుస్తకాలను తగలబెట్టారు. అప్పుడు ఆయన వయసు 75 ఏళ్లు.

గుల్‌బహార్ పెట్టిన మంట మళ్లీ వెలిగింది. ఈసారి కాలింది పీటర్స్‌బర్గు పుస్తకమో నజఫ్ పుస్తకమో కాదు. తల్లి భాషలో బతుకంతా రాసినవాడి పుస్తకాలు. ఐలిస్ పల్లె యాసను, అక్కడి తోటల్ని, కాలవల్ని అచ్చులోకి ఎక్కించిన పేజీలు. పరాయిది ఏదో తగలబెడితే మనది మిగులుతుందన్న లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో చూశాక, మమ్మద్‌గులుజాదే బతికి ఉంటే ఆ నాటకం ముగింపు తిరిగి రాసి ఉండేవాడని నాకు గట్టి నమ్మకం. ఆయన పత్రిక నడిపినన్నాళ్లూ తన సొంత జనం మూర్ఖత్వం మీదే ఎక్కువగా కత్తి దూశాడు. ఐలిస్లి ఆయన వారసుడే.

ఇక్కడ ఎదుటి వాదనను తేలిగ్గా తీసేయడానికి లేదు. అజర్‌బైజానీలు పడ్డ బాధ కల్పన కాదు. 1988 నుంచి ఆర్మేనియాలోని అజర్‌బైజానీలు లక్షన్నరకు పైగా ఇళ్లు వదిలి పారిపోయారు. 1992 ఫిబ్రవరిలో కరబాఖ్‌లోని ఖోజలీలో ఆర్మేనియన్ బలగాలు వందల మంది పౌరులను చంపాయి. కరబాఖ్ నుంచీ, దాని చుట్టూ ఉన్న ఏడు జిల్లాల నుంచీ తరిమివేతకు గురైనవాళ్లు ఆరు లక్షలకు పైమాటే. వాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి గుడారాల్లో, పాత హాస్టళ్లలో, సరుకు రైలు పెట్టెల్లో బతికారు. అలాంటి కుటుంబంలో పుట్టినవాడు 'రాతి కలలు' తెరిచి, అందులో బాకు గుంపులో ఉన్నవాళ్లు ఆర్మేనియా నుంచి తరిమేస్తే వచ్చిన కాందిశీకులేనని చదివినప్పుడు, మా గాయం ఈయనకు కనపడలేదా అని అడిగితే నేను అతన్ని తప్పు పట్టను. ఆ ప్రశ్నకు జవాబు నవలలో పూర్తిగా లేదు కూడా.

అయినా నేను ఐలిస్లి పక్షమే. ఎందుకంటే నవల నష్టపరిహారం లెక్కల చిట్టా కాదు. రెండు వైపులా సమానంగా తూచి పంచడం సరిహద్దు కమిషన్ల పని. రచయిత తన ఇంటి నేరం గురించి రాస్తాడు, దాని మీద మాట్లాడే హక్కు అతనికుంది కాబట్టి. ఖోజలీ గురించి ఆర్మేనియన్ రచయిత రాయాలి. ఐలిస్లి కూడా తన తరఫు వాళ్ల తప్పు తాను రాశాననీ, వాళ్ల తరఫుది వాళ్లు రాయాలనీ అర్థం వచ్చేలా చెప్పాడు. అవతలి నుంచి అంత బలమైన జవాబు రాలేదు కాబట్టి ఇవతలివాడు నోరు మూసుకోవాలనడం నాకు న్యాయంగా తోచదు.

ప్రపంచీకరణ విషయానికొస్తే, ఐలిస్లి కథ ఒక చేదు నిజం చెప్తుంది. 1994లో పాశ్చాత్య కంపెనీలతో కుదిరిన 'శతాబ్దపు ఒప్పందం' తర్వాత చమురు డబ్బు వరదలా వచ్చింది. బాకు నుంచి టర్కీ తీరంలోని జేహాన్ దాకా 1,768 కిలోమీటర్ల గొట్టం వేశారు. కొండ మీద మంటల ఆకారంలో మూడు టవర్లు లేచాయి. జాహా హదీద్ గీసిన భవనం వచ్చింది. 2012లో యూరోవిజన్ పాటల పోటీ, 2016 నుంచి ఫార్ములా వన్, 2024లో వాతావరణ మహాసభ కాప్ 29. దేశం ప్రపంచానికి ఇంతకన్నా తెరుచుకోవడం కష్టం. 2016ను ప్రభుత్వం 'బహుళ సంస్కృతుల సంవత్సరం'గా ప్రకటించింది. అదే సంవత్సరం మార్చిలో వెనిస్ సాహిత్యోత్సవానికి బయల్దేరిన ఐలిస్లిని బాకు విమానాశ్రయంలో ఆపేశారు. 78 ఏళ్ల ముసలాయన సరిహద్దు అధికారి మీద చెయ్యి చేసుకున్నాడని కేసు పెట్టారు.

కాబట్టి ప్రపంచీకరణ జాతి అస్తిత్వాన్ని కరిగించేస్తుందన్న భయం బాకు విషయంలో తలకిందులైంది. ప్రపంచం రావడం వల్ల జాతి గోడలు పల్చబడలేదు. అతిథికి చూపించే హాలు విశాలమైంది, పొరుగువాడి జ్ఞాపకం దాచిన గది మీద తాళం ఇంకా బిగుసుకుంది. రెండూ ఒకే ప్రభుత్వం, ఒకే పదేళ్లలో చేసింది. బయటివాళ్లు కూడా హాలు చూసి మెచ్చుకుని గ్యాసు ఒప్పందాలు కుదుర్చుకుని వెళ్లారు.

ఐలిస్లి ఒక్కడే కాదు. కథకుడూ, వృత్తి రీత్యా వైద్యుడూ అయిన రఫీక్ తాగీ 2006లో 'యూరప్, మనం' అని ఒక వ్యాసం రాశాడు. ఆ వ్యాసానికి జైలు శిక్ష పడింది, ఇరాన్ మతపెద్ద నుంచి మరణ ఫత్వా వచ్చింది. 2011 నవంబరులో బాకు వీధిలో ఎవరో కత్తితో పొడిచారు, నాలుగు రోజులకు ఆస్పత్రిలో చనిపోయాడు. అలెక్పెర్ అలియేవ్ 2009లో 'ఆర్తుష్, జౌర్' అనే నవలలో ఒక ఆర్మేనియన్ యువకుడికీ ఒక అజర్‌బైజానీ యువకుడికీ మధ్య ప్రేమను రాశాడు. బాకులో కలిసి పెరిగి యుద్ధంతో విడిపోయిన ఆ ఇద్దరూ మళ్లీ కలిసేది టిబిలీసిలో, మూడో దేశంలో. నిజ జీవితంలో కూడా ఈ రెండు దేశాల వాళ్లు ముప్ఫై ఏళ్లపాటు ఎక్కువగా ఎదురెదురుగా కూర్చోగలిగిన చోటు అదే. రచనగా ఆ నవలలో తొందరపాటు ఉంది, కొన్నిచోట్ల వాదన కథను మింగేస్తుంది. ఆ తొందర వెనకున్న ప్రేమ మాత్రం నిజమైనది. ఆ రచయిత తర్వాత స్విట్జర్లాండ్ వెళ్లిపోయాడు.

అనువాదాల మార్కెట్టు మీద నాకు ఒక ఫిర్యాదు ఉంది. 'అలీ, నినో'కు ఇంగ్లీషు 1970లోనే దొరికింది, 2016లో సినిమా వచ్చింది, పక్క దేశం జార్జియాలోని బతూమి తీరంలో ఒకదానిలోంచి ఒకటి దాటిపోయే రెండు లోహపు బొమ్మలు కూడా వాళ్ల పేర్లతో నిలబడ్డాయి. ఐలిస్లి మూడు నవలికలు 'వీడ్కోలు, ఐలిస్' పేరుతో కేథరిన్ యంగ్ అనువాదంలో ఇంగ్లీషులోకి వచ్చింది 2018లో, అదీ ఒక విద్యావిషయక ప్రచురణ సంస్థ ద్వారా. నిషేధం, చెవి మీద వెల, పుస్తకాల మంట, ఇవి లేకపోతే అదీ వచ్చేది కాదేమో. చిన్న భాషల రచయిత ప్రపంచ పాఠకుడికి చేరాలంటే తూర్పు మెరుపులైనా అమ్మాలి, ఒంటి మీద గాయాలైనా చూపించాలి. తెలుగు కథకు కూడా బయట ఇదే రకం బేరం ఎదురవుతుందని అనువాదకులతో మాట్లాడినవాళ్లకు తెలుసు.

2020లో అజర్‌బైజాన్ గెలిచిన 44 రోజుల యుద్ధం, 2023 సెప్టెంబరులో కరబాఖ్ నుంచి లక్షకు పైగా ఆర్మేనియన్లు రోజుల వ్యవధిలో వెళ్లిపోవడం, 2025 ఆగస్టులో వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం ముసాయిదా మీద రెండు దేశాల విదేశాంగ మంత్రుల పొడి సంతకాలు. 1990లలో గుడారాల్లో పెరిగిన అజర్‌బైజానీ పిల్లలు ఇప్పుడు నడివయసు మనుషులు. తమ పాత ఊళ్లయిన అగ్దామ్‌కూ ఫుజులీకీ తిరిగి వెళ్తున్నారు. శిథిలమైపోయిన తమ ఇంటి ముందు నిలబడ్డప్పుడు వాళ్ల మనసులో ఏముందో చెప్పే నవల కావాలి. అదే రోడ్డు మీద ఎదురు దిశలో కార్లలో సామాను వేసుకుని వెళ్లిపోయిన కుటుంబం కూడా అదే నవలలో ఉండాలి. ఒకటి ఉండి ఇంకొకటి లేకపోతే నేను దాన్ని జాతీయ నవల అనను, జాతీయ సెలవు రోజు ప్రసంగం అంటాను.

'రాతి కలలు' తెలుగులోకి రావాలి. చిన్న నవలికే, ఇంగ్లీషు నుంచి మంచి అనువాదకుడికి ఒక వేసవి పని. 'మా అమ్మ పుస్తకం'తో కలిపి ఒకే సంపుటంగా వేస్తే ఇంకా బాగుంటుంది. ఆ నాటకంలో ముగ్గురు అన్నల మాటలకు మనవాళ్లు ఏ మూడు రకాల తెలుగు వాడతారో చూడాలని నాకు చాలా ఆశగా ఉంది. పుస్తకం వేయడానికి ఎవరైనా ముందుకొస్తే ముందస్తు ప్రతులు కొనేవాళ్లను పోగుచేసే బాధ్యత నాది.